శనివారం తెల్లవారితే ఆదివారం

నాకు ఓపిక తక్కువ, గొప్పలు చెప్పుకునే గుణం ఎక్కువ. ఈ రెండూ ఒకే మనిషిలో చేరితే ఏం జరుగుతుందో తెలుసుకోవడానికి నాకు ఒక ఆషాఢ మాసం, దాని వెంటే వచ్చిన ఒక శ్రావణ శనివారం సరిపోయాయి. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. అప్పుడు మాత్రం రెండు రోజులు అన్నం సయించలేదు.

సత్యనారాయణపురంలో ఒక మేడ మీది గదిలో కూర్చుని చిన్న వ్యాపారాలకు ప్రోగ్రాములు రాసిపెట్టడం నా పని. కింద పచ్చళ్ళ కొట్టు. అందుకని ఏడాదిలో మూడు నెలలు నా కోడ్ అంతా ఆవపిండి ఘాటులోనే పుడుతుంది. ఒక రైస్ మిల్లు, ఒక రక్తపరీక్షల ల్యాబు, రెండు మొక్కల నర్సరీలు నా చేత పని చేయించుకుంటాయి. వీళ్ళందరిలోకీ నాకు ఇష్టమైనవాళ్ళు ఒక సన్నాయి మేళం వాళ్ళు.

ఆ మేళం పెద్దాయన ఉయ్యూరు దగ్గర ఒక పల్లెలో ఉంటారు. డెబ్బై దాటాయి. ఒక మేళం అంటే రెండు సన్నాయిలు, రెండు డోళ్ళు, ఒక తాళం. అలాంటి మేళాలు ఆరు ఆయన మాట మీద నడుస్తాయి. ఆయన కూతురు ఫోన్లు అందుకుని, పెళ్ళిళ్ళు ఒప్పుకుని, ఏ మేళాన్ని ఏ ఊరు పంపాలో చూస్తుంది. పదేళ్ళ కిందట ఆ అమ్మాయే ఒక లావుపాటి డైరీ చంకన పెట్టుకుని నా మెట్లెక్కి వచ్చింది. ఒకే మేళాన్ని ఒకే రాత్రికి రెండు ఊళ్ళకు ఒప్పుకుని, ఆఖరి నిమిషంలో చూసుకుని దిద్దుకున్నారట.

"అక్కా, ఇట్టాంటిది మళ్ళీ జరక్కుండా ఏదన్నా చేసిపెట్టండి. మా నాన్న నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు" అంది.

చేసిపెట్టాను. తేదీ, ముహూర్తం, ఊరు ఎక్కిస్తే ఏ మేళం ఖాళీగా ఉందో చెబుతుంది. ఖాళీ లేకపోతే ఎర్రగీత పెట్టి ఒప్పుకోనివ్వదు. పెళ్ళి దగ్గర పడగానే ఆ మేళం వాళ్ళ ఫోన్లకు ఎక్కడికి, ఎప్పుడు బయలుదేరాలో తెలుగులో మెసేజ్ పంపుతుంది. చూడ్డానికి చిన్న పనే. దాన్ని రాసేటప్పుడు నేను తల బాదుకున్నది ఒక్కచోటే, ఆ ఒక్కచోటా నాకు ఎదురు నిలిచింది కంప్యూటరు కాదు, పెద్దాయన.

ఆయన మొదటిసారి నా గదికి వచ్చిన రోజు ఒక శుభలేఖ ముందు పెట్టారు. అందులో ముహూర్తం శనివారం రాత్రి తెల్లవారితే ఆదివారం అని ఉంది. తెల్లవారుజామున మూడు దాటాక.

"అంటే ఆదివారం కదండీ" అన్నాను, టైపు చేస్తూ.

"ఆదివారం ఎట్టా అవుద్దమ్మా? తెల్లారందే ఆదివారం రాదుగా" అన్నారు ఆయన, నాకు జ్వరం గానీ వచ్చిందేమో అన్నట్టు చూస్తూ.

పన్నెండు గంటలు కొట్టగానే తేదీ మారుతుందని చెప్పాను. గడియారం చూపించాను. ఆయన ఓపిగ్గా విని, నాకు అర్థమయ్యేలా చెప్పారు. "మీ గడియారం మాట నాకెందుకమ్మా. శనివారం కింద రాస్తే మావాళ్ళు శనివారం పొద్దున పంచెలు ఉతుక్కుని, సాయంత్రానికి పెళ్ళింట్లో ఉంటారు. ఆదివారం కింద రాశావనుకో, ఆదివారం సాయంత్రం వెళ్తారు. అప్పటికి పెళ్ళికూతురు అత్తారింట్లో ఉంటది."

ఇటు చూస్తే మా వైపు ఎవరినడిగినా అది శనివారం పెళ్ళే. అటు చూస్తే కంప్యూటరుకు అది ఆదివారం. ఇద్దరినీ ఒప్పించాలి. రెండు రోజులు గింజుకుని ఒక ఉపాయం కనిపెట్టాను. తేదీ శనివారమే ఉంచి, గంటలకు ఇరవై నాలుగు కలిపేయడం. తెల్లవారుజామున మూడున్నర అయితే 27:30. నాలుగున్నర అయితే 28:30. తేదీలు, గంటలు చూసుకోవడానికి నేను వాడుకున్న ప్యాకేజీ, అంటే ఎవరో రాసి అందరూ వాడుకోమని ఇచ్చిన కోడ్, చాలా మంచిది. ఇరవై ఎనిమిది గంటలని చెబితే మారు మాట్లాడకుండా మర్నాడు నాలుగని తనే అర్థం చేసుకునేది. కాగితం మీద శనివారం, లోపల ఆదివారం. ఇద్దరికీ సరిపోయింది.

ఆ ఉపాయాన్ని కనీసం వందమందికి చెప్పి ఉంటాను. ప్రపంచంలో అందరికీ రోజుకు ఇరవై నాలుగు గంటలు, మా మేళానికి ముప్పై అని. పెళ్ళిళ్ళలో చెప్పాను, రైల్లో ఎదురుగా కూర్చున్నవాళ్ళకు చెప్పాను, ఒకసారి పళ్ళ డాక్టరు నా నోట్లో అద్దం పెట్టి ఉండగా కూడా చెప్పబోయాను.

ఇలా హాయిగా నడుస్తుండగా, ఆ ప్యాకేజీ రాసినవాళ్ళు నాలుగో వెర్షన్ తెచ్చారు. నాది మూడు. ఇక మూడుకు మరమ్మతులు ఉండవని ప్రకటించారు. పైగా మెసేజీలు పంపే కంపెనీ వాళ్ళు పాత పద్ధతిలో పంపితే ఇక తీసుకోబోమన్నారు. కొత్తదానికి మారక తప్పదు. మేజర్ వెర్షన్ మార్చడమంటే కాపురం ఉంటున్న ఇంట్లో వంటగదిని ఒక మూల నుంచి ఇంకో మూలకు జరపడం లాంటిది. పొయ్యి ఆరకూడదు, ఇంట్లోవాళ్ళు పస్తుండకూడదు.

ఎప్పుడు మార్చాలన్నది మాత్రం ఆలోచించాల్సిన అవసరం రాలేదు. ఆషాఢంలో పెళ్ళిళ్ళు ఉండవు. మేళాల వాళ్ళు డోళ్ళకు తోళ్ళు మార్పించుకునేదీ, సన్నాయిలు బాగుచేయించుకునేదీ అప్పుడే. నా మరమ్మతూ అప్పుడే. ఈ మాట చెప్పడానికి ఉయ్యూరు వెళ్ళాను. పెద్దాయన వరండాలో కూర్చుని సన్నాయి పీకలు ఒక్కొక్కటీ నోట్లో పెట్టి ఊది చూసుకుంటున్నారు.

"ఇప్పుడు బానే ఉందిగా. ఎందుకమ్మా మార్చడం?" అన్నారు.

చెప్పాను. ఆయనకు సగం అర్థమైంది, మిగతా సగం నా మీద నమ్మకంతో ఒప్పుకున్నారు. ఆపైన పీక పక్కన పెట్టి, "ఒక్క మాటమ్మా" అన్నారు. "మా నాన్న దగ్గర్నుంచీ ఇంతవరకు మేం మాటిచ్చిన పెళ్ళిలో గట్టిమేళం లేకుండా తాళి కట్టింది లేదు. వానలొచ్చినా వెళ్ళాం, వరదలొచ్చినా పడవ కట్టించుకుని వెళ్ళాం. నీ వెర్షనేదో నువ్వు పెట్టుకో. ఒక్క ముహూర్తం తప్పకూడదు. తప్పిందా, నేనింక ఎవరికీ మాటివ్వను."

ఆయన కోపంగా అనలేదు. అలా అనుంటే బాగుండేది. నేను మాత్రం, "మీరు నిశ్చింతగా ఉండండి బాబాయిగారూ, నేనున్నాగా" అని వచ్చేశాను.

మూడు వారాలు పట్టింది. నిన్నటిదాకా ఒక పేరుతో పిలిచిన పనిని వాళ్ళు ఇంకో పేరుతో పిలవమన్నారు. మూడు పనులు కలిపి ఒకటి చేశారు, ఒక పనిని నాలుగు ముక్కలు చేశారు. మార్చిన ప్రతిచోటా ఇంకో రెండుచోట్ల విరిగేది. నేను స్క్రీను మీద అరిచేదాన్ని. నా అరుపులకు కింద పచ్చళ్ళ కొట్టావిడ తల పైకెత్తి, "ఏంటండీ, మళ్ళీ పిల్లి దూరిందా?" అని అడిగేది. అయినా నిజం చెప్పాలంటే ఆ మూడు వారాలూ ఎంత సంతోషంగా గడిచాయో! పొద్దున్నే ఫిల్టర్ కాఫీ పెట్టుకుని, బయట ముసురు పడుతుంటే, ఎర్రగా ఉన్న గీతల్ని ఒక్కొక్కటిగా పచ్చగా మార్చుకుంటూ కూర్చోవడం నాకు పండగే.

కొత్త వెర్షన్‌తో పాటు ఒక మార్పుల జాబితా ఇస్తారు. ఏమేం మారాయో, ఎవరు జాగ్రత్త పడాలో అందులో ఉంటుంది. చాంతాడంత జాబితా. నేను శ్రద్ధగానే చదివాను. మధ్యలో ఒకచోట, గంటలు ఇరవై నాలుగు దాటితే ఇకపై తేదీ మారదు, గంట మాత్రమే సరిచేయబడుతుంది అని ఉంది. ఆ వాక్యం చదివి నేను పక్కున నవ్వాను. ఇరవై నాలుగు దాటించే తిక్క మనిషి ఎవరుంటారు అనుకున్నాను. అనుకుని, కింది వాక్యానికి వెళ్ళిపోయాను.

పదేళ్ళపాటు లోకమంతా చాటుకున్న ఉపాయం సరిగ్గా గుర్తు రావలసిన ఆ ఒక్క నిమిషంలో నాకు గుర్తు రాలేదు. ఎందుకంటే దాన్ని నేను కోడ్‌గా గుర్తుపెట్టుకోలేదు, కబుర్లలో చెప్పుకునే కథగా గుర్తుపెట్టుకున్నాను.

కోడ్ సరిగ్గా నడుస్తోందో లేదో చూసే టెస్టులన్నీ పాసయ్యాయి. అవ్వవా మరి, టెస్టుల కోసం నేను రాసుకున్న పెళ్ళిళ్ళన్నీ బుద్ధిగా పగలు పదింటికీ, సాయంత్రం ఏడింటికీ జరిగేవి. శ్రావణం మొదలవుతున్న సోమవారం కొత్త వెర్షన్ పెట్టేశాను. మేళం అమ్మాయికి ఫోన్ చేసి, "అయిపోయింది, చూసుకో" అన్నాను. పూతరేకులు తెప్పించి పచ్చళ్ళ కొట్టులో కూడా పంచాను.

బుధవారం ఆ అమ్మాయికి పటమట నుంచి ఫోన్ వచ్చింది. శనివారం రాత్రి పదకొండు యాభై రెండుకు పెళ్ళి. వాళ్ళు ముందు మాట్లాడుకున్న మేళంలో ఇద్దరికి విషజ్వరాలు. ఎవరైనా దొరుకుతారా అని. ఆ శనివారం పెద్ద ముహూర్తం, ఆరు మేళాలూ ఎప్పుడో ఒప్పుకుని ఉండాలి. కానీ స్క్రీను మీద నాలుగో మేళం ఖాళీ అని పచ్చగా చూపించింది. ఆ అమ్మాయికి కొంచెం అనుమానం వచ్చిందట. అయినా అక్క కొత్తది పెట్టింది కదా, అది తప్పు చెప్పదులే అనుకుని ఒప్పుకుంది.

శుక్రవారం సాయంత్రం ఆరున్నరకు నా ఫోన్ మోగింది. నాలుగో మేళంలో పెద్ద సన్నాయి ఆయన. ఎప్పుడూ నాకు ఫోన్ చేయని మనిషి.

"మేడంగారూ, కంకిపాడు దగ్గర పెళ్ళింటికి వచ్చామండీ. మీ మెసేజ్ ప్రకారమే వచ్చాం. ఇక్కడేమో పెళ్ళి రేపంటున్నారండీ" అన్నాడు. వెనక మైకులో సినిమా పాటలు దద్దరిల్లుతున్నాయి.

"రేపా?"

"అవునండీ. శనివారం తెల్లారితే ఆదివారమంటండీ, నాలుగూ నలభై ఆరుకి. మెసేజ్‌లో శనివారం తెల్లవారుజామున అని వచ్చింది. శుక్రవారం తెల్లారితే శనివారం గామోసు అనుకున్నామండీ."

28:46. ఆ అంకె కళ్ళ ముందు నిలబడింది, దాని వెనకే నేను నవ్వుకున్న ఆ వాక్యం. కొత్త వెర్షన్ ఇరవై ఎనిమిదిని నాలుగు చేసి, తేదీని కదపకుండా వదిలేసింది. పెళ్ళిని మొత్తంగా ఒక రోజు ముందుకు లాగేసింది. తిక్క మనిషి ఎవరో తెలిసిపోయింది.

"మీరక్కడే ఉండండి. వాళ్ళు కోప్పడుతున్నారా?" అని అడిగాను.

"కోపమేంటండీ, మమ్మల్ని కదలనియ్యట్లేదు" అన్నాడు అతను.

సంగతేమిటంటే, ఆ సాయంత్రం వాళ్ళింట్లో సంగీత్. డీజే పెట్టారు. పెళ్ళికూతురి నాయనమ్మకు డీజే అంటే మంట. తెల్లపంచెలతో, డోళ్ళతో ఐదుగురు గుమ్మంలోకి రాగానే ఆవిడ లేచి నిలబడి, ఆ పెట్టెల్ని ఆపమని ఇల్లెగిరిపోయేలా ఒక్క కేక వేసిందట. అతను ఫోన్‌లో ఈ సంగతి చెబుతుండగానే ఆవిడ మాట నెగ్గినట్టుంది. మైకు ఆగిపోయింది. కాసేపటికి డోలు మీద ఒక దెబ్బ పడింది, దాని మీద సన్నాయి లేచింది. ఆడవాళ్ళందరూ ఒక్కసారి ఓ అని అరిచారు. నేను తప్పు చేసిన పెళ్ళింట్లో అంత సంబరం వినబడుతుంటే నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

వెంటనే కూర్చుని వెతికాను. ఆ సీజనులో తెల్లవారితే పెళ్ళిళ్ళు ఇంకా పదకొండు ఉన్నాయి. అన్నీ ఒక రోజు ముందుకు జరిగి కూర్చున్నాయి. వాటిని సరిచేయడం గంట పని. తేదీ దాటించే పనిని ప్యాకేజీకి వదలకుండా నేనే చేసుకునేలా రాసి, ఈసారి ఒక టెస్టును కూడా తెల్లవారుజామున నాలుగింటికి పెట్టాను. అన్నీ తమ తమ చోట్లకు వెళ్ళాయి. చివరగా ఒక ఎర్రగీత మిగిలింది. నాలుగో మేళం, శనివారం రాత్రి: పటమట ఒకటి, కంకిపాడు ఒకటి. రెండూ మాటిచ్చినవే. ఆ ఎర్రగీతను కోడ్‌తో చెరపలేం.

మేళం అమ్మాయికి చెప్పాను. ఆ అమ్మాయి నన్ను ఒక్క మాట అనలేదు. "నాన్నకు నేను చెప్పనక్కా, మీరే చెప్పండి" అంది. అది ఒక్క మాటకన్నా ఎక్కువే తగిలింది.

శనివారం పొద్దున ఏడింటికల్లా ఉయ్యూరు వెళ్ళాను. వరండాలో నిలబడే చెప్పాను. వాక్యం చదివి నవ్వుకున్న సంగతితో సహా దాచకుండా చెప్పాను. పెద్దాయన విన్నారు. తెలిసిన మేళాలన్నిటికీ రాత్రే కూతురు ఫోన్లు చేసిందనీ, పెద్ద ముహూర్తం కాబట్టి గుంటూరు దాకా ఎవరూ ఖాళీ లేరనీ ఆ మేళాల వాళ్ళ ద్వారా అప్పటికే ఆయన చెవిన పడింది. నేను ఏదైనా అంటారని ఎదురుచూశాను.

"పద, పటమట వెళ్దాం" అని లేచారు చివరికి.

పటమట పెళ్ళికూతురి తండ్రి బనీనుతో, చేతిలో పూలదండల లిస్టుతో బయటికి వచ్చాడు. పెద్దాయన ఆయనకు నమస్కారం పెట్టి జరిగింది చెప్పారు. తప్పు నాదని చెప్పలేదు. మా వల్ల పొరపాటు జరిగిందండీ అన్నారు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు, అయినా ఊరుకోలేక, "కాదండీ, నా వల్ల" అనేశాను.

"ఏం జరిగింది?" అన్నాడాయన నా వైపు తిరిగి.

"ఇరవై ఎనిమిది గంటలండీ" అని మొదలుపెట్టాను. జీవితంలో మొదటిసారి ఆ కథను గొప్ప కోసం కాకుండా చెప్పాను. ఆయనకు సగంలోనే నవ్వొచ్చింది. "అంటే తెల్లారితే ఆదివారమన్న సంగతి మీ కంప్యూటరుకు తెలియదన్నమాట. మా అల్లుడుగారికీ తెలియదులెండి, టికెట్లు ఒక రోజు తేడాగా తీసుకుని మళ్ళీ మార్పించాడు" అని పగలబడి నవ్వాడు.

నవ్వు ఆగాక కొంచెంసేపు ఆలోచించి, "మా అమ్మాయి పెళ్ళికి బాజా ఉండి, దానివల్ల ఇంకో అమ్మాయి పెళ్ళికి లేకపోతే ఏం బాగుంటుందండీ. మా తలంబ్రాలు అయ్యేదాకా ఉంచండి. అవగానే వాళ్ళను తీసుకెళ్ళండి. అప్పగింతలకు మాత్రం ఒక సన్నాయి మాకు కావాలి, అది లేకపోతే మా ఆవిడకు ఏడుపు రాదు" అన్నాడు.

కంకిపాడు పెళ్ళింటికి ఫోన్ చేశాం. నాయనమ్మే మాట్లాడింది. సాయంత్రం ఎదురుకోలుకు మేళం ఉండదని చెబితే, "నిన్న వాయించారుగా, చెల్లుకు చెల్లు. గట్టిమేళానికి మాత్రం లేకపోతే ఊరుకునేది లేదు" అంది. పెద్దాయన ఫోన్ నా చేతికిచ్చి, "వాళ్ళ వ్యాను పటమటలో ఉండాలి, మిగిలిన ఆయనకూ సామానుకూ కావాలి. కంకిపాడుకు నువ్వే తీసుకెళ్ళాలమ్మా" అన్నారు. అది నాకు శిక్ష అనుకున్నాను. తర్వాత తెలిసింది, ఆయన నాకిచ్చిన గౌరవం అది.

నాది చిన్న కారు. వెనక డిక్కీలో గ్యాస్ సిలిండరు. రాత్రి రెండున్నరకు నేను పటమట చేరేసరికి తలంబ్రాలు ముగిశాయి. ఒక సన్నాయి అక్కడ ఆగిపోయాడు. పెద్ద సన్నాయి ఆయన నా పక్కన, తాళం ఆయన, డోళ్ళ వాళ్ళిద్దరూ వెనక. డోళ్ళు ఎక్కడా పట్టవు. ఒకటి వెనకవాళ్ళ ఒళ్ళో అడ్డంగా పడుకుంది. ఇంకోటి ముందుకొచ్చి గేరు రాడ్డు మీద వాలింది. గేరు మార్చాల్సిన ప్రతిసారీ నేను "ఎత్తండి" అనేదాన్ని, పక్కనాయన డోలు ఎత్తేవాడు, నేను గేరు మార్చేదాన్ని, ఆయన దించేవాడు. కానూరు దాటేసరికి మాకిద్దరికీ తాళం కుదిరింది. చిన్న తుంపర. బందరు రోడ్డంతా పెళ్ళి కార్లే, పూలు కట్టుకుని ఎదురొస్తున్నాయి. పోరంకి దగ్గర ఒక ఊరేగింపు రోడ్డు నిండా నిలబడిపోయింది. ముప్పావుగంట కదల్లేదు. నేను నిమిషానికోసారి టైము చూసుకుంటూ హారన్ మోగిస్తూనే ఉన్నాను. వెనకనుంచి డోలాయన, "భయపడకండి మేడంగారూ, మేం ఎప్పుడూ ఇట్టాగే వెళ్తాం" అన్నాడు. పదేళ్ళుగా వాళ్ళ ఫోన్లకు బయలుదేరవలసిన టైములు పంపించాను. ఆ టైముకు బయలుదేరడమంటే ఏమిటో ఆ రాత్రే చూశాను.

నాలుగుంపావుకు చేరాం. ఇంటి ముందు కొబ్బరాకుల పందిరి, దాని మీద చినుకులు. పెళ్ళికొడుకును పీటల మీద కూర్చోబెట్టారు. నాయనమ్మ ఒక కుర్చీ గుమ్మానికి అడ్డంగా వేసుకుని రోడ్డుకేసి చూస్తూ కూర్చుంది. మమ్మల్ని చూడగానే లేచి, కుర్చీ పక్కకు లాగి దారి ఇచ్చింది. మావాళ్ళు కాళ్ళు కడుక్కుని, తల తుడుచుకుని, పందిట్లో ఒక మూల కూర్చున్నారు. సన్నాయి ఆయన ఒక్కసారి చిన్నగా శృతి చూసుకున్నాడు.

అప్పుడే ఫోన్ మోగింది. పెద్దాయన.

"చేరారామ్మా?"

"చేరాం బాబాయిగారూ. ఇంకా ఇరవై నిమిషాలుంది. మీరు పడుకోండి."

"ఫోన్ పెట్టెయ్యమాకమ్మా. అట్టాగే ఉంచు" అన్నారు.

అలాగే పట్టుకుని నిలబడ్డాను. పెళ్ళికూతుర్ని గంపలో తెచ్చి కూర్చోబెట్టారు. మధ్యలో తెర. పురోహితుడు వాచీ చూసుకుంటూ మంత్రం చదువుతున్నాడు. పెళ్ళికూతురి చేతిలో తమలపాకు మీద జీలకర్రా బెల్లం పెట్టారు. ఆ అమ్మాయి వెంటనే చెయ్యి ఎత్తలేదు. తల తిప్పి పందిట్లో మేళం కూర్చున్న మూలకు చూసింది. మావాళ్ళు కనిపించారు. ముఖం విప్పారింది. అప్పుడు చెయ్యి ఎత్తింది.

పురోహితుడు వేలు గాల్లో తిప్పుతూ "గట్టిమేళం, గట్టిమేళం" అని అరిచాడు. రెండు డోళ్ళూ ఒక్కసారిగా లేచాయి. ఆ చప్పుడు చెవులకు కాదు, ముందు రొమ్ముకు తగిలింది. దాని మీద సన్నాయి. అక్షింతలు నా నెత్తిన కూడా పడ్డాయి. పదేళ్ళలో ఎన్నో వందల ముహూర్తాలు ఎక్కించాను గానీ, వాటిలో ఒక్కదానికీ నేను వెళ్ళింది లేదు. ఇదే మొదటిది. ఫోన్ ఉన్న చేతిని ఎంత ఎత్తగలనో అంత ఎత్తి డోళ్ళ వైపు పెట్టాను.

మేళం నెమ్మదించాక చెవి దగ్గర పెట్టుకున్నాను.

"అయిందమ్మా. విన్నాను" అన్నారు పెద్దాయన. "ఇంక పడుకుంటాను. మావాళ్ళకు కాఫీ ఇప్పించు."

నేను ఆ పందిరి రాట పట్టుకుని, అంతమంది మధ్యలో, సిగ్గుపడకుండా ఏడ్చాను. తర్వాత కళ్ళు తుడుచుకుని కాఫీ ఎక్కడిస్తున్నారో వెతుక్కుంటూ వెళ్ళాను.